జేసీజే మెయిన్స్: సివిల్ పేపర్ నాకు ఎలా దారికొచ్చిందంటే

జూనియర్ సివిల్ జడ్జి (జేసీజే) పరీక్ష రిజల్ట్ వచ్చింది, లిస్టులో నా నంబర్ ఉంది. ఇంట్లో ఫోన్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఎలా చదివావని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేసారి రాస్తున్నాను.

మొదటి వడపోత పరీక్ష, స్క్రీనింగ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టాల పుస్తకాలు) వదలకుండా తిరగేస్తే గట్టెక్కుతారు. అసలు పరీక్ష సివిల్ పేపర్. పోయినసారి నన్ను ఆపింది అదే. దావా కథంతా ఇచ్చి ఎవరికి డిక్రీ ఇస్తారో కారణాలతో రాయమంటే, సెక్షన్లు నోటికి వచ్చినంత మాత్రాన కలం కదలదు.

నాకు దారి చూపించినవి మా సీనియర్ గారి ఆఫీసులోని పాత కేసు కట్టలు. తీర్పు వచ్చేసిన ఫైలు తీసుకుని, ప్లెయింటు (వాది దావా), రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) వరకే చదివి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 14 ప్రకారం ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు, నేనే ఫ్రేమ్ చేసేదాన్ని. ఆ తర్వాతే జడ్జిమెంట్ తెరిచేదాన్ని. పొలం గట్టు తగాదా, అవతలివాళ్ళు జోక్యం చేసుకోకుండా ఆపమని అడిగే ఉత్త ఇంజంక్షన్ సూట్ అనుకోండి. పాస్‌బుక్, అడంగల్ కనబడగానే మనలో చాలామంది టైటిల్ (యాజమాన్య హక్కు) మీద ఇష్యూ రాసేస్తారు. కోర్టు ముందు చూసేది దావా వేసిన నాటికి వాది స్వాధీనంలో ఉన్నాడా లేదా అని. టైటిల్ మీదే గట్టి వివాదం ఉంటే హక్కు తనదేనని ప్రకటించమని డిక్లరేషన్ కూడా అడగాలి. వరంగల్ స్థలం తగాదాలో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన అనతుల సుధాకర్ తీర్పు తప్పక చదవండి. ఇష్యూ సరిగ్గా ఫ్రేమ్ అయితే రుజువు భారం ఎవరిదో, ఏ సాక్ష్యం పనికొస్తుందో దానంతటదే తేలిపోతుంది.

క్రిమినల్‌కి పాత, కొత్త చట్టాలు పక్కపక్కన పెట్టుకోండి. 2024 జులై 1కి ముందు జరిగిన దొంగతనానికి ఐపీసీ 379, తర్వాతిదానికి బీఎన్ఎస్ 303. బెంచ్ ఎక్కాక రెండూ వస్తాయి. ట్రాన్స్‌లేషన్ పరీక్షకి కోర్టు హాలుకి మించిన కోచింగ్ లేదు. సాక్షి తెలుగులో చెప్పింది జడ్జి గారు ఇంగ్లీషులో ఎలా డిక్టేట్ చేస్తున్నారో వినండి.

ఈ పరీక్ష రాయాలంటే లాయర్‌గా మూడేళ్ళ ప్రాక్టీస్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పినప్పటి నుంచి చాలామంది దిగులుపడుతున్నారు. కోర్టుకి తిరిగితే చదువు పోతుందని నాతోనూ అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. రేపు మన సంతకంతో ఒకరి పొలం పోవచ్చు, ఇంకొకరు జైలుకి వెళ్ళొచ్చు. క్రాస్‌లో (ఎదుటి లాయర్ ప్రశ్నించేటప్పుడు) సాక్షి ఎలా తడబడతాడో ఒక్కసారైనా చూడకుండా ఆ కుర్చీలో ఎలా కూర్చుంటాం? కాల్ వర్క్ (పొద్దున కేసులు పిలవడం) మొదలయ్యేసరికి హాల్లో ఉండండి. వాయిదా తీసుకుని వెళ్ళిపోకండి, ట్రయల్ ఉన్న రోజు క్రాస్ పూర్తయ్యేదాకా కూర్చోండి.