అరగంట ఆయుష్షు

గురువారం. పగలంతా ముసురు.

ఇవాళంతా టైమర్‌తోనే కాపురం. చిట్టెలుక మాక్రోఫేజ్ కణాలు, అంటే క్రిముల్ని మింగే రక్షక కణాలు, రా 264.7 అనే రకం, నిన్న సాయంత్రమే ప్లేట్లలో వేసి పెట్టాను. పొద్దున తొమ్మిదింటికి వాటికి ఎల్‌పీఎస్ ఇచ్చాను. కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉండే పదార్థం అది. అది తగిలిందంటే చాలు, శత్రువు వచ్చాడనుకుని ఈ కణాలు టీఎన్‌ఎఫ్ తయారీ మొదలుపెడతాయి. వాపునీ జ్వరాన్నీ తెచ్చే ప్రొటీన్ ఇది. కావలసినప్పుడు లేకపోతే ఇన్ఫెక్షన్‌దే పైచేయి, పని అయిపోయాక కూడా ఉండిపోతే మన కీళ్లకే చేటు. అందుకే కణం దాని ఎంఆర్‌ఎన్‌ఏకి, అంటే ఆ ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలుకి, ఆయుష్షు తక్కువే రాసిపెట్టింది, అరగంటకి కాస్త అటూ ఇటూ.

పదకొండింటికి ఆక్టినోమైసిన్ డి వేశాను. వెలుతురు తగిలితే పాడవుతుందని ఆ ట్యూబుకి ఎప్పుడూ అల్యూమినియం ఫాయిల్ చుట్టే ఉంచుతాం. 1940లో వాక్స్‌మన్, వుడ్‌రఫ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు ఇది. పిల్లలకొచ్చే ఒక రకం కిడ్నీ క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడతారు. డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరి కూర్చుని, జన్యువు చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ని ముందుకు కదలనివ్వదు. అప్పట్నుంచి కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ పుట్టదు, ఉన్నది తరిగిపోవడమే. 0, 30, 60, 120 నిమిషాల దగ్గర ఒక్కో ప్లేటు ఆపి, ఎంత మిగిలిందో చూడాలి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకొచ్చిన అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. "అక్కా, ఎంత ఉందో క్యూపీసీఆర్ ఎలాగూ చెప్పేస్తుంది కదా, మళ్లీ ఈ విషం పోయడం ఎందుకు?" అంది.

"మీ హాస్టల్లో ఇవాళ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టగలవు. ఎంతమంది చేరారో, ఎంతమంది ఖాళీ చేశారో ఆ లెక్కలో తెలుస్తుందా?"

"గేటు మూసేస్తే తెలుస్తుందన్నమాట" అంది. నాకంటే బాగా చెప్పింది.

జన్యువు ఆన్ అయింది, ఆఫ్ అయింది అనే మాటే మనకు డిగ్రీ నుంచీ నోట్లో నానింది. పుస్తకాల్లో బ్యాక్టీరియా జన్యువులు ఆన్, ఆఫ్ అయ్యే లాక్ ఒపెరాన్‌కి పేజీలకు పేజీలు ఇస్తారు, పుట్టిన ఎంఆర్‌ఎన్‌ఏ ఎలా పోతుందన్నది ఒక పేరాలో తేల్చేస్తారు. 2024లో ఆంబ్రోస్‌కీ రువ్‌కన్‌కీ మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద నోబెల్ వచ్చాకే మా మావయ్యకి కూడా ఈ సంగతి చెవిన పడింది. "నీదీ అదేనటమ్మా?" అని అడిగాడు. అదే వీధి, పక్కిల్లు అన్నాను. అక్కడ 22 అక్షరాల బుల్లి ఆర్‌ఎన్‌ఏ వచ్చి ఎంఆర్‌ఎన్‌ఏ చివరి భాగం మీద కూర్చుంటుంది. నా దగ్గర కూర్చునేది ప్రొటీన్.

ఆ చివరి భాగం గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం 1986లో షా, కామెన్ చేసింది. గ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏ మహా మొండిది. ఎర్ర రక్తకణం తన కేంద్రకాన్ని బయటికి తోసేశాక కూడా కొంతకాలం హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుందంటే, అది ఆ పాత ఎంఆర్‌ఎన్‌ఏ చలవే. వాళ్లిద్దరూ జీఎం-సీఎస్‌ఎఫ్ అనే అల్పాయుష్షు ఎంఆర్‌ఎన్‌ఏ చివరి భాగం నుంచి ఏ, యూ అక్షరాలే ఎక్కువగా ఉన్న 51 అక్షరాల ముక్క తీసుకున్నారు. దాన్ని కుందేలు బీటా గ్లోబిన్ జన్యువులో, ప్రొటీన్ సమాచారం ముగిసిన తర్వాతి చోట అతికించారు. ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారలేదు. ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం నిలవకుండా పోయింది. ఎంతకాలం బతకాలన్నది ఆ ముక్కలోనే రాసి ఉంది! ఆ పేపరు ఎప్పుడు తీసినా నాకు అసూయే. ఇప్పటివాళ్లం అదే మాట చెప్పడానికి ఎన్ని బొమ్మలు గీస్తామో.

టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలోనూ అలాంటి ముక్కే ఉంది. దాన్ని పట్టుకునే ప్రొటీన్ టీటీపీ. పట్టుకున్నాక, కొసన వరసగా ఏ అక్షరాలే ఉండే పాలీ-ఏ తోకను కొరికే ఎంజైములను పిలుచుకొస్తుంది. తోక పోయిందంటే ఆ ఎంఆర్‌ఎన్‌ఏ పని అయిపోయినట్టే. టీటీపీ జన్యువు తీసేసిన చిట్టెలుకలు కీళ్లవాపుతో చిక్కి శల్యమైపోయాయని 1996లోనే చూశారు. టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఆ జబ్బు చాలావరకు రాలేదు. తమాషా ఏమిటంటే, ఎల్‌పీఎస్ ఇచ్చినప్పుడు టీఎన్‌ఎఫ్‌తో పాటు టీటీపీ కూడా పెరుగుతుంది. కాకపోతే ఎల్‌పీఎస్ రేపే పీ38 అనే ఎంజైము సిగ్నల్ నడిచినంతసేపూ టీటీపీకి ఫాస్ఫేట్లు తగిలి చేతులు కట్టేసినట్టుంటుంది. సిగ్నల్ తగ్గాక అది తన పని మొదలుపెడుతుంది. అందుకే ఇవాళ సగం ప్లేట్లలో పీ38ని ఆపే ఎస్‌బీ 203580 కూడా వేశాను.

మధ్యాహ్నం ఆర్‌ఎన్‌ఏ తీశాం. కణాల్ని కరిగించే ట్రైజాల్ మూత తీయగానే ముక్కు పగిలే ఫినాల్ వాసన. క్లోరోఫాం కలిపి, 4 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబులో మూడు వరసలు తేలాయి: అడుగున గులాబీ రంగు, మధ్యలో తెల్లటి పల్చటి పొర, పైన నీళ్లలా తేటగా ఆర్‌ఎన్‌ఏ ఉన్న భాగం. ట్యూబుని వాల్చి పట్టుకుని, పిపెట్టు కొస ఆ తెల్లపొరకి తగలకుండా పైది మాత్రం లాగాలి. ఆఖరి కాస్తకి ఆశపడితే డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. ఆ అమ్మాయి చెయ్యి వణకలేదు, ముచ్చటేసింది. గ్లవ్స్‌తో మొహం గోక్కోబోయింది గానీ కేకేసి ఆపాను. మన చర్మం మీదుండే ఆర్‌ఎన్‌ఏజ్ మరగబెట్టినా చావని రకం.

ఆర్‌ఎన్‌ఏకి క్యూపీసీఆర్ చదవగలిగే డీఎన్‌ఏ నకలు, అంటే సీడీఎన్‌ఏ, చేయడానికి ఆ అమ్మాయి ఆలిగో-డీటీ అందుకోబోతుంటే, వద్దు, ఎక్కడైనా అతుక్కునే ర్యాండం హెక్సామర్లు తియ్యమన్నాను. ఆలిగో-డీటీ పట్టుకునేది పాలీ-ఏ తోకని. ముందు కురచయ్యేది ఆ తోకే. ఒళ్లంతా ఇంకా ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏని కూడా పోయినట్టు చూపిస్తుంది.

రాత్రి ఎనిమిదిన్నరకి గ్రాఫులు వచ్చాయి. క్యూపీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కీ నకళ్లు రెట్టింపవుతాయి కాబట్టి, ఒక సైకిల్ ఆలస్యమంటే సుమారుగా సగమైనట్టు లెక్క. 60 నిమిషాలకి మామూలు ప్లేట్లలో ఒకటిన్నర సైకిల్ వెనకబడింది, పీ38ని ఆపిన ప్లేట్లలో దాదాపు మూడు. అంటే సగం పోవడానికి ముందు 40 నిమిషాలు పడితే ఇప్పుడు 20 చాలు. పోలిక కోసం కొలిచే 18ఎస్ అనే నిలకడైన ఆర్‌ఎన్‌ఏ మాత్రం అన్నిట్లోనూ ఒకేచోట కదలకుండా ఉంది.

120 నిమిషాల చుక్క మీద నాకు గురి లేదు. ఆక్టినోమైసిన్ ఒక్క టీఎన్‌ఎఫ్‌నే కాదు, కణంలో కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీ మొత్తాన్ని ఆపేస్తుంది. టీటీపీ కూడా ఎక్కువసేపు నిలిచే సరుకు కాదు. కొలిచేవాడే కొలతను చెడగొడుతున్నాడు. 4-థయోయూరిడిన్‌తో కొత్త ఆర్‌ఎన్‌ఏకి గుర్తుపెట్టి, ఏదీ ఆపకుండానే ఆయుష్షు లెక్కకట్టే పద్ధతి ఎప్పుడో వచ్చింది. సీక్వెన్సింగ్ ఖర్చు మాట ఎత్తితే సార్ కిటికీలోంచి బయటికి చూస్తారు.

ఇంకో పేచీ కూడా ఉంది. ఎస్‌బీ వల్ల ఆయుష్షు తగ్గిందన్నది నిజమే, అది టీటీపీ ద్వారానే అనడానికి ఈ గ్రాఫు చాలదు. టీటీపీ లేని కణాల్లో కూడా ఇలాగే తగ్గితే దారి మార్చుకోవాల్సిందే. ఆ కణాలు లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్నాయి. రేపు పొద్దున బయటికి తీసి కరిగించాలి. అవి తేరుకుని ప్లేటు నిండేసరికి వచ్చే వారం సగమవుతుంది.