ఓడిన లెక్క ఎవరికీ అక్కరలేదు

నిన్న సాయంత్రం ఆదాయపు పన్ను శాఖ నుంచి మెయిల్ వచ్చింది. నా రిటర్ను పరిశీలన పూర్తయిందని, కట్టవలసిన బాకీ ఏమీ లేదని అందులో ఉంది. ఆ ఒక్క మాట కోసం రెండు నెలలుగా సరిగ్గా నిద్రపోలేదు. మనసులో వేడి చల్లారకముందే రాయాలనిపించింది. బెంగళూరులో మా మారతహళ్ళి చుట్టుపక్కల నాలాగే క్యాసినోల కోసం శుక్రవారం రాత్రి ఆనంద్‌రావు సర్కిల్‌లో గోవా బస్సెక్కే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు.

2024 డిసెంబరులో పణజీలో, మాండవి నదిలో లంగరేసి ఉన్న ఒక క్యాసినో ఓడ మీద పోకర్ అనే పేకాట టోర్నమెంటు గెలిచాను. అది గాలివాటు గెలుపు కాదు. నాలుగేళ్ళు కూర్చుని నేర్చుకున్న ఆట. చివరి బల్ల దగ్గర మిగిలిన తొమ్మిదిమందిలో అందరికంటే తక్కువ చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళలు, నావే, అయినా ఓపిక పట్టి గెలిచాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. బహుమతి 2,00,000. పాన్ కార్డు నకలు తీసుకుని, 30 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే పన్ను కింద 60,000 పట్టుకుని, మిగిలిన 1,40,000 బ్యాంకు ఖాతాకు పంపారు. ఆ పనంతా పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ ఏడాది ఆటలో పోయిన డబ్బు కూడా చెప్పాలి. టోర్నమెంట్ల ప్రవేశ రుసుములు నాలుగుసార్లకు 60,000. వేరే రాత్రుల్లో బల్లల దగ్గర 1,25,000. మొత్తం 1,85,000. చిప్స్ కొనడానికి కట్టే మొత్తం మీద అప్పట్లో 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. అంటే ముక్క చేతికి రాకముందే ప్రభుత్వం వాటా వెళ్ళిపోతుంది.

2025 ఫిబ్రవరి 8, శనివారం రాత్రి. చేతిలో డబ్బు అయిపోయి, హోటల్ పక్కనున్న ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి ఒకసారి 40,000, గంట తర్వాత ఇంకో 20,000 తీశాను. కార్డుతో సరుకులు కొంటే గడువు తేదీ వరకు వడ్డీ పడదు కదా, ఇదీ అంతేననుకున్నాను. కాదు. చాలా కార్డుల్లో నగదు తీస్తే వడ్డీ లేని గడువు ఒక్కరోజు కూడా ఉండదు, తీసిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. తీసినందుకు రుసుము రెండున్నర శాతం, అంటే 1,500. నెలకు మూడున్నర శాతం వడ్డీ, అంటే మొదటి నెలకే 2,100. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. ఏడాదికి లెక్కిస్తే వడ్డీ 42 శాతం. మా ఊళ్ళో వడ్డీ వ్యాపారిని తిట్టని మనిషి లేడు, ఆయన కూడా నూటికి రెండు రూపాయలే తీసుకుంటాడు. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం ఇంటికి కొన్న బియ్యం, నూనె మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడింది. ఇది ఎవరూ ముందుగా చెప్పరు.

నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడుతూ వచ్చాను. జులైలో రీఫండ్ వస్తుంది, దాంతో ఒక్కసారే తీర్చేద్దామన్నది నా ధైర్యం. ఆ ధైర్యం ఇచ్చింది ఆఫీసులో నా పక్క సీటు ఆయన. "గెలిచిన దాంట్లోంచి ఓడింది తీసెయ్, మిగిలిందే నీ ఆదాయం. రిటర్నులో ఇతర ఆదాయం అని చూపించు" అన్నాడు. 2,00,000 లోంచి 1,85,000 తీస్తే 15,000. నేనున్న 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి పన్ను 3,120. పట్టుకున్న 60,000 లో దాదాపు 57,000 వెనక్కి రావాలి. జీతగాళ్ళు మామూలుగా వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-1 నింపి పంపేశాను. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పే మనిషితో ఆరోజు నుంచి నేను టీ తాగడం లేదు.

సెప్టెంబరు మొదటి వారంలో 139(9) సెక్షన్ కింద నోటీసు వచ్చింది. రిటర్ను లోపభూయిష్టంగా ఉంది, టీడీఎస్ తిరిగి అడిగారు కానీ దానికి సంబంధించిన ఆదాయం చూపలేదు, పదిహేను రోజుల్లో సరిచేయండి అని సారాంశం. మూడుసార్లు చదివినా నేను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. మామయ్యగారికి తెలిసిన ఆడిటర్ ఒకరుంటే, మా ఆవిడతో కలిసి వెళ్ళాను. ఆమెకు గోవా ప్రయాణాలు తెలుసు, లెక్కలు తెలియవు.

చిన్న గది. గోడ వెంబడి కుర్చీల్లో మరో ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఫైలు తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నుంచే "సార్, జూదం కేసు" అన్నాడు. ఆరు తలలూ నావైపు తిరిగాయి. ఆడిటర్ గారు నా బ్యాంకు కాగితాలు తెరిచి, ఒక్కో వరుస మీద పెన్సిల్ ఆనించి గట్టిగా చదవడం మొదలుపెట్టారు. "ఇదేమిటండీ? ఇది? ఈ పన్నెండు వేలు?" ప్రతిదానికీ నేను "అదేనండీ" అన్నాను.

"ఓడిన డబ్బు దేంట్లోంచి తీశారు?"

"గెలిచిన దాంట్లోంచేనండీ."

"వీల్లేదు. ఇలాంటి గెలుపు మీద 58(4) సెక్షన్ ఏ ఖర్చూ తీయనివ్వదు. ఓడింది మీ సొంతం, గెలిచింది మాత్రం ఆదాయం. ప్రవేశ రుసుము కూడా తీయకూడదు. 115బీబీ కింద మొత్తం రెండు లక్షల మీద 30 శాతం, సెస్సుతో 31.2."

నేను ఊరుకోలేదు. పోకర్ నైపుణ్యంతో ఆడే ఆట, జూదం కాదు అన్నాను. నైపుణ్యంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన చట్ట సవరణను 2022 ఫిబ్రవరిలో కర్ణాటక హైకోర్టే కొట్టేసింది కదా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ తీర్పు ఆట నేరమా కాదా అన్నదాని గురించి. పన్ను సెక్షన్‌లో పేకాటలు, ఏ రకమైన ఇతర ఆటలైనా అని ఉంది. మీ నైపుణ్యంతో దానికి పని లేదు" అన్నారు. గది గోడ పక్క కూర్చున్న పెద్దాయన తల ఊపాడు. ఆ తల ఊపడం ఇప్పటికీ గుర్తుంది.

ఇంతలో మా ఆవిడ బల్ల మీది పెన్సిల్ తీసుకుంది. క్రెడిట్ కార్డు కాగితంలో రెండు వరుసల పక్కన టిక్కు పెట్టింది. 40,000. 20,000.

"ఫిబ్రవరి ఎనిమిదేనా ఇది?" అంది మెల్లగా. "అత్తయ్య కంటి ఆపరేషన్‌కు డబ్బు సర్దుబాటు కాలేదన్న వారమే కదండీ."

ఆడిటర్ గారు కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నారు. నా దగ్గర జవాబు లేదు. నంద్యాలలో మా అమ్మ ఆ వేసవంతా ఒక కన్ను మూసుకుని టీవీ చూసింది.

తర్వాతి పని సులువే. ఇలాంటి గెలుపు చూపించడానికి వీలున్న ఐటీఆర్-2 ఫారంలో కొత్తగా నింపారు. అందులో గెలిచిన తేదీని బట్టి ఏ కాలంలో వచ్చిందో చూపాలి. డిసెంబరు 15 వరకు ఒక గడి, 16 నుంచి ఇంకో గడి. నా టోర్నమెంటు ఆదివారం 15న మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసింది. మన పేరున పట్టుకున్న పన్ను వివరాలుండే 26ఏఎస్ పత్రంలో చెల్లింపు తేదీ చూసి 16 గడిలో వేశారు. పన్ను 62,400. టీడీఎస్ పోగా 2,400 చలానా కట్టాను. రిటర్ను వేసేముందు 26ఏఎస్, మన ఆదాయ లావాదేవీల పట్టిక అయిన ఏఐఎస్ రెండూ తెరిచి చూసుకోండి. క్యాసినో పట్టుకున్న ప్రతి రూపాయీ మీకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది. జీతం తప్ప వేరే ఆదాయం లేదని ఐటీఆర్-1 వేసే పని పెట్టుకోకండి.

వస్తుందనుకున్న 57,000 రాలేదు. కార్డు మీద వడ్డీ, జీఎస్టీ కలిసి అప్పటికి 15,000 దాటాయి. మా ఆవిడే తన రికరింగ్ డిపాజిట్ రద్దు చేసి బాకీ తీర్చింది. నోటితో ఒక్క మాట అనలేదు.

మెయిల్ చూపించాక నిన్న రాత్రి బ్యాంకు యాప్ తెరిచి, కార్డు మీద ఏటీఎం నగదు సౌకర్యం ఆపేసి, ఫోను ఆమె చేతిలో పెట్టాను. తెర దగ్గరగా పట్టుకుని చూసింది.

"అత్తయ్యకు రెండో కంటికి ఏ తేదీ ఇచ్చారో కనుక్కోండి" అని ఫోను తిరిగిచ్చింది.