డబ్బా మీద తేదీ

మావాడికి పదిహేనేళ్ళు నిండిన నెలలోనే ఇంటికి ఒక నల్ల డబ్బా వచ్చింది. దాని మీద కండలు తిరిగిన చెయ్యి బొమ్మ. లోపల క్రియాటిన్ పొడి, కండలకి బలమని ఆటగాళ్ళు వేసుకునేది. నన్ను అడక్కుండా, దాచుకున్న డబ్బుల్తో తెప్పించుకున్నాడు. స్కూల్లో రెజ్లింగ్ టీములో ఉన్నాడులెండి, అక్కడ సగంమంది వేసుకుంటున్నారట.

వద్దన్నాను. ఎందుకన్నాడు. "నేను చెప్తున్నా గనక" అన్నాను. మా అమ్మ నాతో అన్న మాటే. భీమవరంలో మా ఇంట్లో ఆ మాటతో గొడవ ముగిసేది. ఇక్కడ, మిషిగన్‌లో, దానితోనే మొదలైంది.

"నువ్వు కండరాల సైంటిస్టువి కదమ్మా, డేటా చూపించు. పైగా మనం శాకాహారులం. అది తిండిలో దొరికేది ముఖ్యంగా మాంసం, చేపల్లోనే. నా కండల్లో మామూలుగానే తక్కువుంటుంది. పప్పన్నం పెట్టి పెంచింది నువ్వేగా!"

అందులో అబద్ధం ఒక్కటీ లేకపోవడం నా ఖర్మ.

నేను పదకొండేళ్ళుగా ఒక యూనివర్సిటీలో కండరాల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఏడుగురం. మా బాస్ గ్రాంట్లు రాయడంలో మునిగిపోయి పిపెట్ పట్టుకుని ఏళ్ళయింది. పీహెచ్‌డీ అయ్యాక పరిశోధనకి చేరిన పోస్ట్‌డాక్, బ్రెజిల్ కుర్రాడొకడు, ముగ్గురు పీహెచ్‌డీ పిల్లలు, నేను, అందరి మీదా అజమాయిషీ చేసే ల్యాబ్ మేనేజర్. ఆవిడకి అరవై దాటాయి, పాడి పశువుల మధ్య పెరిగిన మనిషి. చిటుకుమంటే చివాట్లే.

చుంచెలుక కాలి కండరాన్ని తీసి, రెండు కొసలకీ పట్టుదారం కట్టి, ఆక్సిజన్ బుడగలాడే ఉప్పుద్రావణంలో వేలాడదీసి, కరెంటు తగిలించి ఎంత బలంగా లాగుతుందో కొలుస్తాం. ముడి జారిందా, ఆ పూట పని గంగలో కలిసినట్టే. నేను చేరిన కొత్తల్లో నా ముడి జారకపోవడం చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగిందావిడ. మల్లెపూలు కట్టి అన్నాను. అర్థం కాలేదు. మర్నాడు వాళ్ళ పెరట్లోంచి పూలు కోసుకొచ్చింది, ల్యాబ్ దారంతోనే మాల కట్టి చూపించాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి ఆవిడ ఆ ముడే నేర్పుతుంది. పూలు ఉండవు, అంతే.

ల్యాబ్‌లోకి చిన్నపిల్లల్ని రానివ్వరు గనక మావాడు పక్కనున్న ఆఫీసు గదిలో పెరిగాడనే చెప్పాలి. పళ్ళేల్లో పెంచే కణాలకి రెండ్రోజులకోసారి ఆహారం మార్చాలి, వాటికి ఆదివారం, దీపావళి తెలీవు. మతాబుల వాసన వదలని బట్టలతోనే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిన రాత్రులున్నాయి. వాడు ఆ గదిలో బ్రెజిల్ కుర్రాడి దగ్గర పోర్చుగీసు తిట్లు నేర్చుకున్నాడు, మేనేజర్ దగ్గర ప్రతి మూత మీదా మార్కర్‌తో తేదీ, పొడి అక్షరాలు రాయడం నేర్చుకున్నాడు. ఐదేళ్ళప్పుడే వాడి పాలగ్లాసు మీద తేదీ ఉండేది.

ఎనిమిదేళ్ళప్పుడు వినాయక చవితి పూజ మధ్యలో, బొమ్మ కాళ్ళ దగ్గర ఎలుకని చూపించి అడిగాడు: "అమ్మా, ఆఫీసులో నువ్వు వీటినేగా చంపేది?" అవునన్నాను. ఎందుకు, ఎన్ని, ఎవరి అనుమతితో, నొప్పి తెలీకుండా ఎలా, అన్నీ చెప్పాను. అంతా విని, ఎలుక ముందు ఇంకో ఉండ్రాయి పెట్టాడు. నేను ఇప్పటికీ పెడుతున్నాను.

సరే, క్రియాటిన్. పంచాయితీ మేనేజర్ దగ్గరికి పోయింది. ఆవిడ వద్దూ అనలేదు, సరే అనలేదు. ఆఫీసు గదిలో బోర్డు మీద గీస్తూ, కండరం శక్తి కోసం ఖర్చుపెట్టే ఏటీపీ అనే పదార్థం రెండు మూడు సెకన్ల పరుగుకే సరిపోతుందని, వెంటనే క్రియాటిన్‌కి ఫాస్ఫేట్ చేరి తయారైన ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుందని చెప్పింది. నాకైతే అది చేబదులు లాంటిది. జేబులో చిల్లర అయిపోతే పక్కింటి పిన్నిగారు సర్దుతారు, పరుగు ఆగాక తీర్చేస్తాం.

"ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో కనిపెట్టింది ఫిస్క్, సబ్బరో" అంది మేనేజర్. "ఫాస్ఫేట్ ఎంతుందో నీలం రంగుని బట్టి కొలిచే పద్ధతి కూడా వాళ్ళదే. నా చదువు రోజుల్లో ఎన్ని వందల ట్యూబులు పెట్టానో. ఆ సబ్బరో ఎవరో, ఇటలీ వాడనుకుంటా."

నాకు నవ్వాగలేదు. మా ఊరాయన అన్నాను. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వచ్చిన కొత్తల్లో ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు.

మావాడు కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "సబ్బరో కాదు. సుబ్బా-రావు" అని ఆవిడకి దిద్దాడు, రెండుసార్లు పలికించాడు. తన ఇంటిపేరుని టీచర్లు పదేళ్ళుగా ఖూనీ చేస్తున్నా నోరెత్తని పిల్లాడు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మమ్మకి గర్వంగా చెప్పాడు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు.

"తెలుసురా నాన్నా" అంది అమ్మ. "పెళ్ళాన్ని ఇక్కడొదిలి వెళ్ళాడు పాపం. మళ్ళీ వెనక్కి రానేలేదుట, అక్కడే పోయాడు. అది కూడా చెప్పిందా మీ అమ్మ?"

చెప్పలేదు. 1948లో న్యూయార్క్‌లో పోయాడని మాత్రం తెలుసు నాకు. నాలుగేళ్ళయింది నేను భీమవరం వెళ్ళి. గ్రాంటు గడువనో, రెజ్లింగ్ సీజననో, ఏదో ఒకటి. ఫోన్‌లో అమ్మ వెనక గోడ మీద వాడి మూడో తరగతి ఫొటోనే ఇంకా ఉంది.

డబ్బా మటుకు వెనక్కి పంపలేదు. పద్దెనిమిది నిండేదాకా వద్దనే ఇక్కడి పిల్లల డాక్టర్లు కూడా అంటారని చెప్పాను, ఈసారి కాగితాలు చూపించాను. చదివాడు. వంటింటి పై అరలో, గోంగూర పచ్చడి జాడీ పక్కన పెట్టాడు, సీలు విప్పకుండా. నిన్న జాడీ దించుతుంటే చూశాను. మూత మీద నల్ల మార్కర్‌తో వాడి పొడి అక్షరాలు, కింద వాడి పద్దెనిమిదో పుట్టినరోజు తేదీ.