ఔలీలో స్కీయింగ్: ముందుగా నేర్చుకోవలసింది ఆగడం

మంచు చూడాలనుకునే బెజవాడవాళ్ళు ఎక్కువగా మనాలీకి టికెట్లు తీసుకుంటారు. స్కీయింగ్ నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి మాత్రం నేను ఉత్తరాఖండ్‌లోని ఔలీని సూచిస్తాను. చమోలీ జిల్లాలో జోషీమఠ్‌కు ఎగువన, సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న విడిది అది. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గొండోలా (తీగల మీద నడిచే పెట్టె) ఎక్కితే 3,900 మీటర్లు దాటి వెళ్ళవచ్చు గాని, కాళ్ళకు స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు) తగిలించుకొని నిలబడటమే రానివారికి అంత ఎత్తుతో పనేముంది?

శిక్షకులు మొదట ఆగడం నేర్పిస్తారు. స్కీల ముందు కొనలను దగ్గరకు చేర్చి, మడమల వైపు దూరంగా జరిపి, మోకాళ్ళు వంచి లోపలి అంచులను మంచులోకి నొక్కితే వేగం తగ్గుతుంది. చెప్పుకోవడానికి ఇంతే అయినా, వాలు కళ్ళబడగానే శరీరం భయంతో వెనక్కి వాలుతుంది. బరువు మడమల మీదకు పోయిన మరుక్షణమే ముందు కొనలు మన మాట వినడం మానేస్తాయి. ఇంద్రకీలాద్రి మెట్లు దిగేటప్పుడు మనల్ని కాపాడే ఆ వెనక్కి వాలే అలవాటే ఇక్కడ పడదోస్తుంది. మోకాళ్ళ కింది ముందు ఎముకలు బూటు ముందు భాగానికి ఆనేలా ముందుకు వంగడం, ఆ భయాన్ని ఎదిరించి వంగడం, నా దృష్టిలో స్కీయింగ్‌లో సగం విద్య. పడిపోవడం గురించి మరీ బెంగ అక్కరలేదు; గట్టిగా మెలిపడితే బూటును స్కీ నుంచి విడిపించే బిగింపులు ఉంటాయి, వాటిని మన బరువుకు, అనుభవానికి తగినట్లు సరిచేయించుకోవాలి.

మన ఊళ్ళో చలికాలంలో దొరికే ఉన్ని స్వెట్టర్లు వెచ్చదనానికి చాలుతాయి గాని, పైన తడి దిగని ప్యాంటు, చేతి తొడుగులు తప్పనిసరి. నల్ల కళ్ళద్దాలు మరచిపోరాదు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది కనుక, బెజవాడ ఎండలో పెరిగిన ముఖాలు కూడా అక్కడ కమిలిపోతాయి.

అసలు చిక్కు మంచుతోనే. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చి ఇక్కడ మంచు కురిపించే వాతావరణ వ్యవస్థలు, అంటే పశ్చిమ అలజడులు, బలహీనపడిన ఏడాది వాలు బోసిగా మిగులుతుంది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కాలంలో మంచు తయారుచేసే యంత్రాలను అమర్చారు గాని, చలి తగినంత లేకపోతే అవీ పనిచేయవు. జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలు వారినప్పుడు, 2023 జనవరిలో, అక్కడి నుంచి పైకి వెళ్ళే రోప్‌వేను ఆపివేశారు. అందుచేత రోడ్డు మార్గాన్నే లెక్కలో పెట్టుకోవడం మేలు. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంది, దానికి ఒక పగలంతా కేటాయించాలి. ఉత్తరాఖండ్ ప్రభుత్వ పర్యాటక సంస్థ అయిన గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ శిక్షణ తరగతులు సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉంటాయి. ఢిల్లీ దాకా రైలు టికెట్లు ముందే తీసుకోక తప్పదు గాని, ఆపై ప్రయాణానికి వాహనం మాట్లాడుకునే ముందు వాలు మీద మంచు ఎంత ఉందో ఫోన్ చేసి కనుక్కోవాలి.