మూడు దాటని గడియారం

శనివారం రాత్రి

1984లో మామయ్య వెరో బోర్డు (రంధ్రాలు, రాగి పట్టీలు ఉన్న అట్ట) మీద చేసిన డిజిటల్ గడియారం మొత్తానికి నా బల్ల మీదికి చేరింది. ఆరు ఎర్ర అంకెలు, వెనక లెక్కపెట్టే 7490, 7492 ఐసీలు, అంకెల గీతలు వెలిగించే 7447 ఐసీలు వరసలుగా. ఇందులో టైము కొలిచే క్వార్ట్జ్ క్రిస్టల్ లేదు. ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్‌ని (సెకనుకి 50 ఊపులు) ముందు 5తో, తర్వాత 10తో భాగించి సెకను తీసుకుంటుంది. మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్పులో చిన్న కంప్యూటర్) పెట్టేస్తే గంటలో అయిపోతుంది కదా అన్నాడు తమ్ముడు. అప్పుడు మామయ్యది మిగిలేది పెట్టె ఒక్కటే.

నేరుగా ప్లగ్గు పెట్టలేదు. ఎక్కడైనా షార్ట్ ఉంటే కరెంటుని అదుపులో పెట్టేలా 60 వాట్ల బల్బు సిరీస్‌లో వేసి, 5 వోల్టులు ఇచ్చే 7805 నుంచి ఐసీలకు వెళ్లే వైరు ఊడదీసి చూశాను. 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ తల ఉబ్బిపోయి ఉంది. 2200 వేశాక 5.02 వోల్టులు నిలకడగా వచ్చాయి. వైరు మళ్లీ అతికిస్తే అంకెలు వెలిగాయి!

ఆదివారం

6కి పైగీత రావడం లేదు. 7447 మూడో పిన్నును గ్రౌండుకి తాకిస్తే (అది లాంప్ టెస్ట్) ఏడు గీతలూ వెలుగుతున్నాయి. సాయంత్రమంతా 330 ఓమ్‌ల రెసిస్టర్లన్నీ కొలిచి, విసుగొచ్చి మామయ్యకి ఫోన్ చేశాను.

"ఒరే, 7447 ఆరుని అలాగే రాస్తుంది. తొమ్మిదికి కింద గీత కూడా ఉండదు చూసుకో. అది జబ్బు కాదురా, దాని దస్తూరీ" అని ఒకటే నవ్వు.

అసలు జబ్బు రాత్రి బయటపడింది. 03:59:59 తర్వాత 00:00:00.

సోమవారం

గంటల ఐసీలు రెండూ 24 దగ్గర సున్నాకి రావాలి. అందుకే ఒకట్ల స్థానంలోని 4 బిట్టు (అంకెలో 4 విలువ ఉంటే హై, అంటే ఎక్కువ వోల్టు, అయ్యే తీగ) రెండు 7490ల రెండో పిన్నుకీ, పదుల స్థానంలోని 2 బిట్టు మూడో పిన్నుకీ వెళ్తాయి. రెండూ హై అయితేనే రీసెట్. మూడో పిన్ను దగ్గర మీటరు ఎప్పుడు చూసినా 1.5 వోల్టులే చూపిస్తోంది. అటు లో కాదు, ఇటు హై కాదు. టీటీఎల్‌లో (ఈ 74 వరస ఐసీల రకం) వైరు తెగిన పిన్ను తనని తాను హై అనుకుంటుంది. కాబట్టి 4 రాగానే రీసెట్ కొట్టేస్తోంది. భూతద్దంలో చూస్తే టంకం చుట్టూ వెంట్రుకంత నల్లటి వలయం. డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతకని టంకం. టంకం బాగా పట్టేలా కాస్త ఫ్లక్స్, ఒక్క చుక్క సీసం, అంతే.

గురువారం

సెకన్ల 7490 ఒకటి వేడెక్కి చచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో 74ఎల్‌ఎస్90 దొరికింది. పిన్నులు అవే. ఈసారి సాకెట్ పెట్టి మరీ వేశాను.

ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా గడియారం ఒకటి రెండు సెకన్లు ముందుకు దూకేది. పల్స్ ఇచ్చే ట్రాన్సిస్టర్ బేస్‌కీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ పెడితే చాలావరకు తగ్గింది.

ఆదివారం

ఫోనుతో పోల్చి రాసుకుంటున్నాను. మొదటి రోజు 11 సెకన్లు వెనక, రెండో రోజు 4 ముందు, నిన్న 19 వెనక. కరెంటు ఫ్రీక్వెన్సీ రోజంతా 49.95 దగ్గర నడిస్తే 86 సెకన్లు పోతాయి, అదే 49కి పడితే దాదాపు 29 నిమిషాలు. "ఎండాకాలం వస్తే నేను రోజూ రేడియో వార్తలకి సరిచేసేవాణ్ణి" అన్నాడు మామయ్య. ముందున్న ఎర్ర అద్దం పగిలింది, ఇక కొత్తది కోయించాలి.