నాలుగో స్తంభం

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న ఏడింటికే మేస్త్రి వచ్చేశాడు. పర్లాకిమిడిలో మా అమ్మమ్మ ఇంటి పడమటి గది గోడ ఈ వానలకి మళ్లీ ఉబ్బింది. పన్నెండేళ్ల కిందట గట్టిగా ఉంటుందని మేమే దానికి సిమెంటు పూత వేయించాం. లోపలంతా ఇటుక, గానుగ సున్నం. నేలలోంచి ఎక్కే చెమ్మ సున్నం గోడలోంచైతే మెల్లగా ఆరిపోతుంది, పైన సిమెంటు పూస్తే బయటికి దారిలేక లోపలే ఉండిపోతుంది. ఆ సంగతి అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు. ఇవాళ కూడా మేస్త్రి మళ్లీ సిమెంటే అన్నాడు, పైగా "ఇంత పాత కొంపకి డబ్బులెందుకమ్మా, పడగొట్టీసి స్లాబు వేసీండి" అన్నాడు. నాకు కడుపులో ఎలాగో అయిపోయింది. సాయంత్రం చెప్తానన్నాను.

గది ఖాళీ చేస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో పాత ఫోటోల కవరు దొరికింది. చాలావరకు తెలిసిన ముఖాలే. ఒక్కటి మాత్రం ఎవరిదో అర్థం కాలేదు. ఏదో ఇంటి అరుగు మీద తొమ్మిది మంది, మధ్యలో పెళ్లికూతురు, ఎడమ చివర చొక్కా లేని ఓ పిల్లాడు, పైన దూలానికి లాంతరు. వెనక పేర్లు లేవు, స్టూడియో ముద్ర ఉంది: బరంపురం, ఒరిస్సా. అంటే ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 తర్వాతదే. అంతకుముందు మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. (గిడుగు రామమూర్తి పంతులు గారు ఇన్నేళ్లు ఇక్కడుండి రాజమండ్రి వెళ్లిపోయిందీ ఆ ఏడాదే, అది ఎప్పుడు తలుచుకున్నా నాకు బాధే.)

అమ్మ చూసి "మనిల్లు కాదే, మన అరుగుకి మూడు స్తంభాలే కదా, ఇందులో నాలుగున్నాయి" అంది. నిజమే. ఎవరో బంధువులదేమో, పక్కన పెట్టేయమంది. నాకు మనసొప్పలేదు. ఒరిజినల్ ఎండలోకి తియ్యకుండా ఫోనులో ఫోటో తీసుకుని వీధి చివరి మామ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడకి ఎనభై ఆరేళ్లు. నేను ముఖాలు పెద్దవి చేసి చూపిస్తుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి "ముందు అరుగు చూపించవే" అంది. స్తంభాల మొదట్లో చెక్కిన తామరపువ్వు చూసీ చూడగానే చెప్పేసింది: "ఇది మీ ఇల్లే గదే పిల్లా. నాలుగోది ఏటయిందంటే, మీ తాత అరుగు మూల మూసీసి గది కట్టినప్పుడు గోడలో కలిపీసాడు."

అది అదే గోడ! పొద్దున్నుంచీ మేము కొట్టేద్దామా వద్దా అని కొట్టుకుంటున్న గోడ.

ఆ తర్వాత ఇక ఆగలేదు. పెళ్లికూతురు మా అమ్మమ్మ అక్కట. మగపెళ్లివారు నౌపడా నుంచి చిన్న రైల్లో వచ్చారట, 2004లో ఆగిపోయిన ఆ నారోగేజి బండే. వాళ్లు దిగేసరికి చీకటి పడిందని లాంతరు కట్టారట. ఎనిమిది మందిని ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించింది. పిల్లాడి దగ్గర మాత్రం ఆగిపోయింది.

సాయంత్రం మేస్త్రికి ఫోటో చూపించి, గునపం వద్దు, చిన్న ఉలితో మెల్లగా సిమెంటు మాత్రం గీకమన్నాను. కాసేపటికి చెక్క తగిలింది. పైభాగం గట్టిగా ఉంది, చెక్కడం చెదరలేదు. కింద జానెడు మేర చెమ్మకి మెత్తబడి చేతికి పొడిపొడిగా వచ్చింది. మేస్త్రి దాన్ని చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు, తర్వాత తనే "సున్నం పని మా మావయ్యకి వచ్చమ్మా, రేపు తీసుకొస్తాను" అన్నాడు. స్లాబు ఊసెత్తలేదు.

ఇప్పుడే మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ఫోటో వెనక ఎనిమిది పేర్లు రాశాను. పెన్ను సిరా ముందువైపుకి ఊరిపోతుందని అమ్మ చేతిలోది లాక్కోవాల్సి వచ్చింది. ఎడమ చివర ఒక గీత గీసి వదిలేశాను. మామ్మగారు రాత్రి పడుకుని గుర్తు తెచ్చుకుంటానంది, పొద్దున్న కాఫీ వేళకి రమ్మంది.