బియ్యం డబ్బా వెనక పొట్లం

రాత్రి వంటకి బియ్యం తీద్దామని డబ్బా జరిపితే వెనక ఓ న్యూస్‌పేపర్ పొట్లం. విప్పితే పగిలిన గాజు గ్లాసు ముక్కలు. పైన నాలుగు రబ్బరు బ్యాండ్లు, మా అబ్బాయి ఎంత జాగ్రత్తగా చుట్టాడో!

గ్లాసు పోయినందుకు కాదు, ఆ రబ్బరు బ్యాండ్లు చూసి కడుపు తరుక్కుపోయింది. ఏడేళ్ల పిల్లాడు నాకు భయపడి ఒక్కడే కూర్చుని గాజు పెంకులు ఏరుకున్నాడు. పోయిన వారం పాలు ఒలకబోసినప్పుడు నేను అరిచిన అరుపు వాడింకా మర్చిపోలేదు మరి.

వాడి పక్కన కింద కూర్చుని, "కాలికేమైనా గుచ్చుకుందా నాన్నా?" అని మాత్రమే అడిగాను. అంతే, బొటబొటా కన్నీళ్లు. మంచినీళ్ల కోసం స్టూల్ ఎక్కాడట. మొత్తం వాడే చెప్పాడు.

ఇద్దరం కలిసి వంటిల్లు మళ్లీ ఊడ్చాం. కంటికి ఆనని పెంకుల కోసం చపాతీ పిండి ముద్దతో నేలంతా అద్దాం. నిజంగానే నాలుగైదు నలకలు అంటుకుని వచ్చాయి. ఆ ముద్దని వెంటనే కవర్లో చుట్టి చెత్తలో వేసేయాలి, చెయ్యి జాగ్రత్త.

స్టీలు గ్లాసులు, మంచినీళ్ల బిందె కింది అరలోకి మార్చేశాను. ఈ పని ఎప్పుడో చేయాల్సింది. పిల్లలకి రోజూ కావలసినవి వాళ్ల చేతికి అందేలా ఉంటే ఇంట్లో సగం అరుపులు అక్కర్లేదు.

పడుకోబోయే ముందు వచ్చి నా కొంగు పట్టుకున్నాడు. "అమ్మా, పూలకుండీ గురించి కూడా ఒకటి చెప్పాలి."